60 సిస్టమ్‌ల అమ్మాయి అమీర్‌పేట వెళ్లాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ చేసి ఇక్కడే ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా చేస్తోంది. సెమిస్టర్ మొదలైతే చాలు, 60 సిస్టమ్‌లలో లినక్స్, దానిమీద సాఫ్ట్‌వేర్లు ఒక్కోదాని ముందు కూర్చుని ఎక్కించడమే పని. విసుగొచ్చి ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్లు ఎక్కించడం, సర్వర్లు నడపడం ఆటోమేటిక్‌గా జరిగేలా చేసే పని) కోర్సులో చేరతానంటోంది. పంపమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఉద్యోగం మానేస్తే ఆ 60 సిస్టమ్‌లు చేజారిపోతాయి. ఏ కోర్సులోనూ అన్ని మెషీన్లు ఆమె చేతికివ్వరు. ఆమెకు విసుగు తెప్పిస్తున్న ఆ పనినే మనిషి పక్కన లేకుండా జరిగేలా చేయగలిగితే, డెవాప్స్‌లో సగం నేర్చుకున్నట్టే.

చెప్పినంత తేలిక కాదు లెండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను విజయవాడలో సర్వర్ల పని చూసేవాణ్ణి. ఒక రాత్రి పటమటలోని ఒక ఆఫీసులో స్క్రిప్టు నడిపించి ఇంటికెళ్లిపోయాను. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్లు ఎక్కించే ఆప్ట్ కమాండ్‌కి ‘వై’ (యెస్) ఆప్షన్ పెట్టాను కదా, అన్నిటికీ అవునంటుందిలే అనుకున్నాను. పొద్దున వెళ్లి చూస్తే పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ ‘ఈ మెయిల్ సర్వర్ ఏ రకం?’ అని నీలం స్క్రీన్ పెట్టుకుని రాత్రంతా నాకోసం కూర్చునుంది! ‘వై’ అనేది ‘ఎక్కించమంటారా’ అన్న ఆప్ట్ ప్రశ్నకే జవాబు. ప్యాకేజీ, అంటే ఎక్కించే సాఫ్ట్‌వేర్, తన సెట్టింగుల కోసం తనంతట తాను అడిగేవి డెబ్‌కాన్ఫ్ అనే టూల్ ద్వారా వచ్చే ప్రశ్నలు, వాటి లెక్క వేరు. వాటికి జవాబులు ముందే డెబ్‌కాన్ఫ్‌కి అందించి, ప్రశ్నలు చూపించే దాని ఫ్రంటెండ్‌ని నాన్‌ఇంటరాక్టివ్‌లో (ఏమీ అడగకుండా) పెట్టాలి. జవాబులివ్వకుండా నోరు మాత్రం మూయిస్తే డీఫాల్టు తీసుకుంటుంది. ఖాళీ కంటైనర్‌లో (మెషీన్ లోపల విడిగా నడిచే చిన్న లినక్స్ వాతావరణం) టైమ్‌జోన్ ప్యాకేజీని అలా ఎక్కిస్తే గడియారం యూటీసీలో ఉండిపోతుంది, అంటే మన టైముకి 5:30 గంటలు వెనక. ఎర్రర్ ఏమీ రాదు. అసలు చిక్కు అదే.

అందుకని ముందు ఇంట్లో ల్యాప్‌టాప్‌లో, కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, డెబియన్ అనే రకం లినక్స్‌తో రెండు చిన్న మెషీన్లతో మొదలుపెట్టమనండి. లినక్స్‌నే మనిషి లేకుండా ఎక్కించడానికి, జవాబులు ముందే ఫైల్లో రాసిపెట్టుకునే పద్ధతులు డెబియన్‌లో ప్రీసీడ్ ఫైలు, రెడ్‌హ్యాట్‌లో కిక్‌స్టార్ట్, ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ ఉన్నాయి. రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలరైతే మనమిచ్చిన జవాబులన్నీ రాసి రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు వదిలిపెడుతుంది. దాన్ని తెరిచి చదివితే కిక్‌స్టార్ట్ సగం అర్థమైపోతుంది. ఆ తర్వాత ఆన్సిబుల్, అంటే ఒక్క చోట నుంచే చాలా మెషీన్లలో పని చేయించే టూల్. దానికి డబ్బు కట్టక్కర్లేదు, వేరే మెషీన్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు. చేయాల్సిన పనులు రాసిన దాని ఫైలుని ప్లేబుక్ అంటారు. అదే ప్లేబుక్‌ని రెండోసారి నడిపితే ఒక్క మార్పూ జరగకూడదు, చివరి లైన్లో ‘ఛేంజ్‌డ్’ పక్కన సున్నా రావాలి. అది వచ్చేదాకా పని అయినట్టు కాదని చెప్పండి. పాస్‌వర్డులు మాత్రం ఆ ఫైళ్లలో ఎవరైనా చదివేలా ఉన్నదున్నట్టు రాసిపెట్టవద్దు.

ల్యాబ్‌లో అయితే హెచ్ఓడీ గారి అనుమతి తీసుకుని, ముందు ఒక్క సిస్టమ్ మీద, తర్వాత ఒక వరుస మీద చేయాలి. విద్యార్థుల రికార్డులున్న మెషీన్ మీద ప్రయోగాలు వద్దు.

సర్టిఫికెట్ కావాలంటే రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, దానిపైన ఆర్‌హెచ్‌సీఈ ఉన్నాయి. రెండూ మెషీన్ మీద పని చేసి చూపించాల్సిన పరీక్షలే, రెండోది ఇప్పుడు ప్రధానంగా ఆన్సిబుల్ మీదే నడుస్తోంది. ఇంటర్వ్యూలో ‘60 సిస్టమ్‌లకు ఇంత టైము పట్టేది, ఇప్పుడింత పడుతోంది’ అని తన లెక్కతో చెప్పగలిగితే కోర్సు పేరు ఎవరూ అడగరని నా నమ్మకం. అందుకే ఈసారి చేత్తో ఎక్కించేటప్పుడే ఒక్కో సిస్టమ్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో పుస్తకంలో రాసుకోమనండి.

వచ్చే సెమిస్టర్ తర్వాత కూడా వెళ్తానంటే పంపండి. హాస్టల్ అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా కట్టకండి.