మా వాడు సినిమా కథలు రాస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది చీపురుపల్లి. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఇంజినీరింగ్ వద్దు, సినిమాలకు కథలు రాస్తానని పట్టుబట్టాడు. చనిపోయిన తండ్రి ఆత్మగా ఇంటికి తిరిగొచ్చే కామెడీ కథ ఒకటి రాసి, స్నేహితులతో కలిసి సెల్‌ఫోన్‌లో 12 నిమిషాల సినిమా తీశాడు. చూసినవాళ్లెవరూ నవ్వలేదు. వాళ్లమ్మయితే అపశకునం అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘ఘోస్ట్ డాడ్’ అనే పాత ఇంగ్లిష్ సినిమా చూసి రాశానన్నాడు. అదీ ఆడలేదట. వీడికి ఇందులో భవిష్యత్తు ఉంటుందా? స్క్రిప్టు జతచేస్తున్నాను.

జవాబు: ముందు అమ్మగారికి ఒక మాట చెప్పండి. నాన్న పోతే ఇల్లు ఏమవుతుందో ఊహించి రాశాడంటే, ఆ పిల్లాడి మనసులో నాన్న ఎంత పెద్ద జాగా ఆక్రమించాడో తెలుస్తోంది. అందులో కీడేమీ లేదు.

ఇక ఆడని సినిమా సంగతి. ‘ఘోస్ట్ డాడ్’ 1990 జూన్ 29న అమెరికాలో విడుదలైంది. నిడివి గంటన్నర కూడా ఉండదు. దర్శకుడు సిడ్నీ పాయిటియర్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటుడు. పదేళ్ల ముందు ఆయనే తీసిన ఒక కామెడీ 10 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. తండ్రి వేషం కట్టిన బిల్ కాస్బీ అప్పటికే టీవీలో నాన్న పాత్రతో ఇంటింటికీ తెలిసినవాడు. సంగీతం హెన్రీ మాన్సినీది. ఇంతమంది ఉన్నా సినిమా తేలిపోయింది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు స్టార్లకు అర స్టారిచ్చాడు. పాయిటియర్ ఆ తర్వాత మళ్లీ దర్శకత్వం చేయలేదు. అయితే ఆ సినిమా రాసిన ముగ్గురిలో ఇద్దరు, ఎస్.ఎస్. విల్సన్, బ్రెంట్ మాడక్, అదే ఏడాది జనవరిలో వచ్చిన ‘ట్రెమర్స్’ కూడా రాశారు. దానికి సీక్వెళ్ల మీద సీక్వెళ్లు వచ్చాయి. ఒకే చేతుల మీదుగా ఒకే ఏడాది రెండూ వచ్చాయి కాబట్టి, ఒక్క కథ పోయిందని మీ వాడికి రాత రాదనుకోకండి. ఎక్కడ పోయిందో వాడు కనిపెట్టగలడా అన్నదే చూడాలి.

‘ఘోస్ట్ డాడ్’ ఎక్కడ పోయిందంటే, ఆత్మకు పెట్టిన షరతుల దగ్గర. తల్లి లేని ముగ్గురు పిల్లల తండ్రి టాక్సీ ప్రమాదంలో ఆత్మ అవుతాడు. చీకట్లో కనిపిస్తాడు, వెలుతురులో కనిపించడు. మనసు పెట్టి గట్టిగా ప్రయత్నిస్తే గొంతు వినిపిస్తుంది. గురువారంలోగా ఆఫీసు పని చక్కబెట్టి, జీవిత బీమా కోసం వైద్యపరీక్ష కూడా నెగ్గాలి. ఇన్ని గుర్తు పెట్టుకునే పనిలో ప్రేక్షకుడికి నవ్వే తీరిక దొరకదు. చివరికి అతను అసలు చనిపోనే లేదని తేలుతుంది. అంతసేపూ మనం పడ్డ బెంగ అంతా ఉత్తదైపోతుంది. సరిగ్గా రెండు వారాలకు, జులై 13న, ‘ఘోస్ట్’ విడుదలైంది. అందులో ఆత్మ మొదట ఏ వస్తువునూ తాకలేకపోతుంది. తాకడం నేర్చుకోవడానికి నానా అవస్థా పడుతుంది, ఆ అవస్థను ప్రేక్షకుడు కూడా పడతాడు. ఆ సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది.

మన దగ్గరే చూడండి. 2016 సంక్రాంతికి వచ్చిన ‘సోగ్గాడే చిన్నినాయనా’లో నాగార్జున చనిపోయిన తండ్రి. కొడుకు కాపురం చక్కబెట్టడానికి యముడు పంపితే వస్తాడు. భార్య రమ్యకృష్ణకు తప్ప ఎవరికీ కనిపించడు, వినిపించడు. షరతు ఇంతే. ఆవిడ గాల్లోకి మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకుంటారో మనకి ముందే తెలుసు కాబట్టి హాస్యం దానంతటదే పుడుతుంది.

మీ అబ్బాయి స్క్రిప్టులో పట్టు తప్పింది కూడా అక్కడే. 4వ సీన్లో నాన్న ఆత్మ గ్లాసు ఎత్తి నీళ్లు తాగుతుంది. 7వ సీన్లో అదే చెయ్యి తలుపులోంచి దూరిపోతుంది. పక్కింటాయనకు ఒకసారి వినిపిస్తుంది, ఒకసారి వినిపించదు. పైగా నాన్న పోయిన మూడో రోజునే కొడుకు జోకులు మొదలెట్టేశాడు. ఏడుపుకి చోటివ్వకుండా నవ్వమంటే ఎవరూ నవ్వరు. అమ్మగారికి గుచ్చుకున్నది అదే అయుంటుంది.

షరతు కోసం ఇంగ్లిష్ సినిమా దాకా వెళ్లక్కర్లేదు, మన ఇళ్లలోనే ఉంది. పదోరోజున పిండం పెట్టి కాకి కోసం చూస్తాం. ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిపోయిందంటాం. ఇది ప్రేక్షకుడికి ఎవరూ వివరించనక్కర్లేదు. చెరువుగట్టు మీద బంధువులు ఒక్కొక్కరూ మాటిస్తుంటారు: కూతురి పెళ్లి నాను సేస్తాను, అప్పు నాను తీరుస్తాను. కాకి కదలదు. మేనత్త విసిగిపోయి, “ఏటే, కాకి ముట్టనేదు. మీ నాన్నకింకేటి కావాలంట?” అంటుంది. కొడుకు ఒక్కడికే వెనకనుంచి గొంతు వినిపిస్తుంది: “గేదె ఈనిందా నేదా, అది సెప్పండ్రా ముందు.” ఇక్కడ నవ్వు వస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. వాడు రాసిన సంభాషణల్లో మాత్రం ఆత్మ హైదరాబాద్ సీరియల్ భాష మాట్లాడుతోంది. చీపురుపల్లి నాన్న చచ్చిపోయాక యాస మార్చుకోడు కదా.

తీతలో జరిగిన పొరపాట్లు చిన్నవే, సరిదిద్దుకోవచ్చు. ఆత్మ లోపల నుంచి గోడ కనిపించాలంటే ఫోన్‌ను స్టాండుకు బిగించి, ముందు ఖాళీ గదిని 10 సెకన్లు తీయాలి. ఫోన్ కదపకుండా మనిషిని నిలబెట్టి మళ్లీ తీసి, రెండో షాట్‌ను సగం పారదర్శకతతో మొదటి దాని మీద వేయాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) లాక్ చేయకపోతే మనిషి ఫ్రేములోకి రాగానే గది వెలుగు మారిపోయి అతుకు బయటపడుతుంది. ఫ్యాను తిరుగుతున్నా, కర్టెను ఊగుతున్నా అంతే. ట్యూబులైటు కింద చారలు పాకడానికి కారణం మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు వేగం సెకనులో 1/50వ వంతు పెడితే పోతాయి. మాట మాత్రం ఫోను మైకుతో దూరం నుంచి పట్టొద్దు. ఇంకో ఫోన్ నటుడి జేబులో పెట్టి రికార్డు చేసి తర్వాత కలుపుకోవాలి. కామెడీలో మాట సగం వినపడకపోతే సీను పోయినట్టే.

చదువు విషయానికొస్తే, ఇప్పుడే లక్షలు పోసి ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో చేర్చకండి. కేంద్ర ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థలైన పుణే ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థల్లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే కోర్సులకు డిగ్రీ కావాలి. ఏ డిగ్రీ అయినా సరే. రాతపరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. పోటీ తీవ్రం, ఫీజు ప్రైవేటు కన్నా బాగా తక్కువ. అందుకే వచ్చే మూడేళ్లు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో సాహిత్యం ఉన్న బీఏ చదివించడం మా మొదటి సలహా. ఇష్టం లేని బీటెక్‌లో బ్యాక్‌లాగులు పోగేసుకుంటే డిగ్రీ ఆలస్యమై ఈ దారి కూడా మూసుకుపోతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, పీజీకి అదీ ఒక దారి.

నేరుగా హైదరాబాద్ వెళ్తే అప్రెంటిస్, అసిస్టెంట్, అసోసియేట్, కో-డైరెక్టర్ అనే వరుసలో ఎక్కాలి. కింది మెట్ల మీద జీతం నమ్ముకోలేం, కృష్ణానగర్లో గది అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఏడాది ఖర్చు చేతిలో లేకుండా పంపకండి. రాసేవాళ్లకు కాస్త ముందుగా డబ్బు కనిపించేది సీరియల్ సంభాషణలు, డబ్బింగ్ రచనలో. కథాచర్చల్లో కూర్చోబెట్టుకుంటే టైటిల్స్‌లో పేరు వేస్తారో లేదో మొదటి రోజే రాతపూర్వకంగా అడగాలి.

“నా ఐడియా ఎవరైనా కొట్టేస్తారేమో” అని స్క్రిప్టు అట్ట మీద రాశాడు. ఐడియాకు కాపీరైటు ఉండదు. చనిపోయిన నాన్న తిరిగి రావడమనే ఊహ ఎవరి సొత్తూ కాదు. రాసిన సీన్లు, సంభాషణలు తనవి. పూర్తి స్క్రిప్టును కాపీరైట్ కార్యాలయంలో సాహిత్య రచనగా నమోదు చేయడానికి ఫీజు 500 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. తిరగరాశాకే చేయించండి.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే తేదీలోపు వాడికి రెండు పనులు చెప్పండి. ఒకటి, ‘ఘోస్ట్ డాడ్’, ‘సోగ్గాడే’ రెండింటికీ సీను సీనుకీ పట్టిక వేయాలి: ఈ సీన్లో ఆత్మ ఎవరికి కనిపించింది, ఎవరికి వినిపించింది, ఏ వస్తువును పట్టుకోగలిగింది, సీను చివర కథ ఎంత కదిలింది. రెండోది, రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వెళ్లి, కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయంలో నాలుగు రోజులు కూర్చుని మన ప్రాంతం కథలు చదవాలి, వాటిలో మనుషులు మాట్లాడే తీరు నోటుబుక్కులోకి ఎక్కించుకోవాలి. ఈ రెండూ ఎవరూ తరమకుండా చేస్తే రాత బల్ల దగ్గర కూర్చునే ఓపిక ఉన్నట్టే, బీఏలో చేర్చండి. పట్టిక సగంలో వదిలేసి ఫోన్ కెమెరా సెట్టింగులతోనే రాత్రి రెండింటిదాకా మేలుకుంటే వాడి ఇష్టం రాతలో కాదు, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ వైపు ఉన్నట్టు. ఎఫ్‌టీఐఐ సౌండ్ కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. మీ వాడికి అది ఇప్పటికే ఉంది.