ప్రపంచం చూడాలనుకుంటున్న మేనకోడలికి

బరంపురం

చిరంజీవి అమ్మడికి,

అరవై వేలు కూడబెట్టాను, ప్రపంచం చూడాలి, ఎక్కడ మొదలుపెట్టమంటావు అత్తా అని రాశావు. ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మన గంజాం వాళ్లకి సముద్రం దాటడం కొత్తేమీ కాదే. బ్రిటిష్ వాళ్ల కాలంలో గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి ఎంతోమంది రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లారు. వాళ్లంతా పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు. మన ఇంటి పిల్ల చూడ్డానికని వెళ్తానంటోంది, నాకు అంతకన్నా ఏం కావాలి!

ఒక్క ట్రిప్పులో ఐదు దేశాలు అని రాశావు చూడు, అది మానుకో. ఒకటే దేశం పెట్టుకో. మన డబ్బులు తినేసేది తొందర. రెండు రోజులకో ఊరు మారితే బస్సులకీ ఆటోలకీ సగం పోతుంది. ఒకచోట పది రోజులుంటే అద్దె తగ్గించమని అడగొచ్చు. కూరగాయల బజారు ఎక్కడో, భోజనం ఎక్కడ చవకో కూడా నాలుగో రోజుకి తెలిసిపోతుంది.

ముందు నేపాల్ వెళ్లి రా. మనకి వీసా అక్కర్లేదు. హౌరా వరకు ఒక రైలు, అక్కడి నుంచి రక్సౌల్‌కి ఇంకో రైలు, సరిహద్దు దాటితే బీర్‌గంజ్. పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ దగ్గర పెట్టుకో, ఆధార్‌ని నమ్ముకోకు. మన వంద రూపాయలకి అక్కడ 160 వస్తాయి, లెక్క కూడా సులువే.

పాస్‌పోర్ట్ మాత్రం ఇప్పుడే తీసుకో. మామూలుగా అయితే 36 పేజీలదానికి ఫీజు 1500. మనలాంటి వాళ్లకి పేర్ల దగ్గరే చిక్కు. ఒడియా బళ్లో మన ఇంటిపేరు ఒకలా రాస్తారు, ఆధార్‌లో ఒకలా ఉంటుంది, ఇంకోచోట ఒట్టి అక్షరమే ఉంటుంది. సర్టిఫికెట్లన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు. తేడా ఉంటే దరఖాస్తుకి ముందే దిద్దించుకో. తర్వాత టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి.

రెండోసారికి వియత్నాం. కోల్‌కతా నుంచి హనోయ్‌కి నేరుగా విమానం ఉంది. ఒక్కసారి ప్రవేశానికి ఈ-వీసా ఫీజు 25 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నువ్వే నింపుకో. నేను ఒక ఏజెంట్ చేతిలో పెట్టి రెండింతలు కట్టాను, ఆ బాధ నీకొద్దు. అక్కడ కార్డు మిషన్ రూపాయల్లోనా, వాళ్ల డబ్బు డాంగ్‌లలోనా అని అడిగితే డాంగ్‌లే నొక్కు. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం అయిపోతుంది.

చవక విమానాల్లో చాలావాటికి చేతిసంచీ 7 కిలోలే. దాంట్లో ఒక కిలో అటుకులు, ఒక చిన్న డబ్బా పప్పుల పొడి పెట్టుకో. హాస్టల్ వంటింట్లో వేడినీళ్లు దొరికితే పొద్దుటి టిఫిన్ అయిపోయినట్టే. హనోయ్‌లో ఒక ఉదయం అటుకులు తడిపి పొడి కలుపుకుంటుంటే, హాస్టల్‌లో పనిచేసే ఆవిడ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. కాసేపటికి తామరాకు పొట్లం ఒకటి తెచ్చి విప్పింది. లోపల లేత పచ్చటి అటుకులు! ఇంకా పండని లేత వడ్లు వేయించి, దంచి చేస్తారట, 'కొమ్' అంటారట. ఆ ఆకు వాసన వాటికి పట్టేసి ఉంది. ఆవిడకి నా మాట రాదు, నాకు ఆవిడ మాట రాదు. ఇద్దరం ఒకరి గిన్నెలోది ఒకరం తిన్నాం. ఐదు దేశాలు పరుగెత్తి ఉంటే ఆ వంటింట్లో కూర్చునే తీరికే నాకు ఉండేది కాదు.

ఒక్క విషయంలో పొదుపు చెయ్యకు. కొత్త ఊరికి పగలే చేరేలా టికెట్ తీసుకో, మొదటి రాత్రికి గది ముందే బుక్ చేసుకో, అందులోనూ ఆడపిల్లల డార్మిటరీ చూసుకో. నాలుగు వందలు మిగులుతాయని అర్ధరాత్రి బస్టాండ్‌లో దిగొద్దు. రోజూ రాత్రి అమ్మకి ఎక్కడున్నావో మెసేజ్ పెట్టు. తన టెన్షన్ సంగతి నీకు తెలుసుగా.

సంచీ సర్దాక కబురు పెట్టు. మామయ్య కొట్లో కొక్కెం త్రాసు తెచ్చి తూచి చూస్తాను. అటుకులు ఈ వారమే ఎండబెడుతున్నాను.

ఆశీస్సులతో,
అత్త