మిడ్వేలో గెలిచి ఉంటే జపాన్ పసిఫిక్ యుద్ధంలో నెగ్గేదా?

హవాయిలోని అమెరికా నౌకాస్థావరమైన పెర్ల్ హార్బర్‌లో అంత పెద్ద దెబ్బ తీసిన జపాన్, పసిఫిక్ నడుమ మిడ్వే దీవి దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో ఓడిపోకుండా ఉంటే పసిఫిక్ యుద్ధంలో నెగ్గేదా అని మీరు అడిగారు. నెగ్గేది కాదనే నా అభిప్రాయం. నేను చరిత్రకారుణ్ని కాను. చమురు ట్యాంకర్లలో ఇంజనీరుగా చాలాకాలం పనిచేసి, ఆ మహాసముద్రాన్ని పలుమార్లు దాటినవాణ్ని. అందుచేత ఈ యుద్ధాన్ని ఫిరంగుల వైపు నుంచి కాక ఇంధనం వైపు నుంచి చూడటం నాకు అలవాటు.

జపాన్ వాడే చమురులో సుమారు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలో అడుగుపెట్టడంతో 1941 ఆగస్టులో అమెరికా ఆ సరఫరాను ఆపివేసింది. ఇక డచ్చివారి ఏలుబడిలో ఉన్న బోర్నియో, సుమత్రాల చమురు బావులను పట్టుకోవడమే మార్గమని తలచిన జపాన్, ఆ పనికి అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్‌పై విరుచుకుపడింది. ఆ రేవును చూడటానికి వెళ్లినప్పుడు, 1177 మందిని బలిగొన్న అరిజోనా నౌక నుంచి నేటికీ బొట్లు బొట్లుగా పైకి తేలి, నీటి మీద రంగురంగుల పొరలా పరుచుకునే నూనెను నేను కళ్లారా చూశాను. అయితే ఆనాడు ఒడ్డున ఉన్న ట్యాంకుల్లోని సుమారు 45 లక్షల పీపాల ఇంధనం జోలికి జపాన్ విమానాలు పోలేదు. మరమ్మతు కర్మాగారాలు కూడా దాదాపు యథాతథంగా మిగిలాయి. కోరల్ సముద్రపు పోరులో తీవ్రంగా దెబ్బతిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను అక్కడే సుమారు మూడు రోజుల్లో అతుకులు వేసి మిడ్వేకు పంపారు. నౌకను నీళ్లు లేని తొట్టిలో నిలిపి మరమ్మతు చేసే డ్రైడాక్‌లో మామూలు పనులకే వారాలు పట్టడం ఎరిగినవాణ్ని కనుక, నాకు ఇది యుద్ధంలోని ఏ వీరగాథకూ తీసిపోదు.

1942 జూన్‌లో మిడ్వే వద్ద అకాగి, కాగా, సోర్యు, హిర్యు అనే నాలుగు విమానవాహక నౌకలు మునిగిపోవడం జపాన్‌కు ఘోరమైన నష్టమే. (అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 6న, మా విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసేంత దూరం వచ్చిన నౌకాదళం జపాన్‌ది.) కానీ యుద్ధం ముగిసేలోగా అమెరికా ఒక్క ఎసెక్స్ తరగతిలోనే, అంటే ఆ ఒక్క నమూనాలోనే, 17 విమానవాహక నౌకలను తన నౌకాదళంలో చేర్చుకుంది. సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో 1942 ఆగస్టు నుంచి ఆరు నెలలు సాగిన పోరులో, జపాన్ తన సైనికులకు బియ్యాన్ని సైతం డ్రమ్ముల్లో నింపి, రాత్రివేళ డిస్ట్రాయర్లనే వేగవంతమైన యుద్ధనౌకల మీద తెచ్చి తీరానికి దగ్గరగా నీటిలో వదలవలసి వచ్చింది.

అమెరికా జలాంతర్గాముల టార్పెడోలు మొదట్లో సరిగా పేలేవి కావు. 1943 చివరికి ఆ లోపాలు సర్దుకున్నాయి. నౌకాదళ సిబ్బందిలో రెండు శాతం కూడా లేని జలాంతర్గాముల విభాగం, యుద్ధం ముగిసేసరికి జపాన్ కోల్పోయిన వాణిజ్య నౌకల్లో సగానికి పైగా ముంచింది. అందుకు అమెరికా 52 జలాంతర్గాములను, సుమారు 3500 మందిని కోల్పోయింది.

మా వృత్తిలోని వారు మరచిపోలేని ఉదంతం తైహో నౌకది. 1944 జూన్ 19న ఫిలిప్పీన్ సముద్ర పోరులో జపాన్‌కు చెందిన ఈ కొత్త విమానవాహక నౌకకు ఆల్బకోర్ అనే అమెరికా జలాంతర్గామి వేసిన ఒకే ఒక్క టార్పెడో తగిలింది. నౌక మునగలేదు, వేగం కూడా పెద్దగా తగ్గలేదు. అయితే విమానాల పెట్రోలు ట్యాంకులు చిట్లి ఆవిరి పేరుకోసాగింది. దాన్ని వెళ్లగొట్టాలని గాలి పంకాలన్నీ పూర్తిగా తిప్పించారు. దాంతో ఆవిరి నౌకంతా పాకి, ఆరు గంటల తరువాత ఎక్కడో పుట్టిన నిప్పురవ్వకు నౌక మొత్తం పేలిపోయింది. ట్యాంకరులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు, నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన గది ప్రమాదకరమని. అనుభవం గల సిబ్బంది అప్పటికే కరువయ్యారు. ఇంధనం లేక పైలట్ల శిక్షణ కూడా కుదించుకుపోయింది.

ఆ తరువాత సైపాన్, లేటే, ఇవో జిమా, ఒకినావా దీవులు ఒక్కొక్కటిగా అమెరికా వశమయ్యాయి. ఇవో జిమాలో సుమారు 6800 మంది అమెరికన్లు చనిపోయారు కాబట్టి ఆ విజయాలు చవకగా వచ్చాయని ఎవరూ అనలేరు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి, సోవియట్ దాడి ఒకే వారంలో జరిగి, సెప్టెంబర్ 2న మిస్సోరి నౌక మీద లొంగుబాటు పత్రంపై సంతకాలయ్యాయి.

మిడ్వేలో ఆ నాలుగు నౌకలు మిగిలి ఉంటే అమెరికా ఎదురుదాడి ఆలస్యమై, యుద్ధం మరికొంతకాలం సాగేదేమో. అయినా బోర్నియో నుంచి జపాన్ దాకా వేల కిలోమీటర్ల దారిలో ట్యాంకర్లను కాపాడే పనిని జపాన్ నౌకాదళం చిన్నచూపు చూసింది. వాణిజ్య నౌకల రక్షణకు ప్రత్యేక కమాండ్‌ను 1943 నవంబర్‌లో గాని ఏర్పాటు చేయలేదు. మిడ్వేలో గెలిచినంత మాత్రాన ఆ ధోరణి మారేదని నేను అనుకోను.