బిల్లు ఉన్నా ఆ శంఖం మీది కాదు

ప్రశ్న: మాది విజయనగరం. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో చిన్న నక్షత్ర చేపలు విపరీతంగా పెరిగిపోయాయి. వాటిని తినేస్తుందని చెప్పి ఒకాయన ఫోన్‌లోనే బేరం కుదుర్చుకుని, బతికున్న పెద్ద శంఖాన్ని పార్సిల్‌లో పంపాడు. బిల్లు కూడా ఇచ్చాడు. పది రోజులైంది. మా అల్లుడు చూసి ఇది ట్రిటాన్ అనే జాతి శంఖం, ఇంట్లో ఉంచితే జైలే అంటున్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. చింతపల్లి బీచ్‌లో వదిలేస్తే సరిపోతుందా?

జవాబు: వదలకండి. చాలామంది చేసే తప్పు అదే. అండమాన్, లక్షద్వీప్ పగడపు దిబ్బల్లో పెరిగే ప్రాణి అది. తెచ్చి మన అలల్లో పడేస్తే బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. పైగా రేపు ఎవరైనా అడిగితే, సాక్ష్యం మాయం చేశారన్న మాట మీ మీద పడుతుంది.

మీ అల్లుడు చెప్పింది చాలావరకు నిజం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనగానే పులి, ఏనుగు గుర్తొస్తాయి గానీ, వెన్నెముక లేని జీవులు కూడా ఆ చట్టంలో జంతువులే. 2001లో కొన్ని సముద్రపు శంఖాలను షెడ్యూళ్లలో, అంటే ఆ చట్టం రక్షించే ప్రాణుల జాబితాల్లో చేర్చారు. ట్రిటాన్ మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికున్నంత రక్షణ. 2022 సవరణ తర్వాత ఈ షెడ్యూల్ ప్రాణుల విషయంలో నేరం రుజువైతే సెక్షన్ 51 కింద మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

బిల్లు ఉంది కదా అంటారేమో. అమ్మే హక్కు లేనివాడు ఇచ్చిన బిల్లుతో మీకు హక్కు రాదు. సెక్షన్ 39 ప్రకారం చట్టవిరుద్ధంగా పట్టిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది చేతికొచ్చిన 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అధీకృత అధికారికో చెప్పాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. అయినా ఆలస్యంగా చెప్పడం, పట్టుబడటం ఒకటి కావు. మీ దగ్గర దొరికితే, అది చట్టబద్ధంగా వచ్చిందని నిరూపించే భారం సెక్షన్ 57 కింద మీ మీదే పడుతుంది. తెలియక కొన్నారని చూపడానికి మాత్రం ఆ బిల్లు, పార్సిల్ కాగితం, వాట్సాప్ చాటింగ్ పనికొస్తాయి. ఒక్కటీ డిలీట్ చేయకండి.

ముందు అది ఏ జాతో తేల్చుకోండి, కానీ దానికి వారాలు పట్టనివ్వకండి. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఫోటోలతో వెళ్లండి. అన్ని వేటాడే శంఖాలూ నిషేధం కాదు. ఉదాహరణకు కోన్ అనే విషపు శంఖాల జాతుల్లో చాలావాటికి షెడ్యూల్ అడ్డు లేదు. అయితే కొన్ని కోన్‌ల కాటుకు మనుషులు చనిపోయారు, దానికి విరుగుడు మందు లేదు. పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

ట్రిటాన్ అని తేలితే, ఊళ్లోనే ఒక లాయర్‌తో జరిగింది జరిగినట్టు ఉత్తరం రాయించి, జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. కేసు అస్సలు పెట్టరని నేను మాట ఇవ్వలేను. కానీ తనంతట తానే వచ్చి అప్పగించిన మనిషిని, దాచుకుని దొరికిన మనిషిని కోర్టు ఒకేలా చూడదు.

అప్పగించేదాకా దాన్ని నీళ్లలోనే ఉంచండి. చచ్చిపోతే పీడా పోయిందని చిప్పను షోకేసులో పెట్టుకోకండి, దానికీ ఇదే చట్టం.