ఐదు గంటలైందా, అయ్యాయా?

సందేహం: మా మనవడు నాలుగో తరగతి. తెలుగు పరీక్షలో "ఇప్పుడు ఐదు గంటలైంది" అని రాస్తే టీచరు కొట్టేసి "అయ్యాయి" అని దిద్దారు, గంటలు బహువచనం కదా అని. వాడు వచ్చి నన్నడిగితే "ఐదైంది అని రాస్తే పోయేది కదరా" అని తప్పించుకున్నాను. ఏది ఒప్పు? ఒకటింటికి అనకుండా ఒంటిగంటకి అని ఎందుకంటాం? పనిలో పనిగా నిమిషమో నిముషమో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, పద్మారావునగర్, సికిందరాబాదు

సమాధానం: తప్పించుకున్నానన్నారు గానీ అమ్మా, మీరు వాడికి చెప్పినదాంట్లోనే సగం జవాబుంది. "ఐదైంది" అన్నప్పుడు అయింది వేళ, గంటలు కావు. ఆ వేళ అన్న మాట పైకి కనపడదు, అంతే. ఆటో దిగి ఎంతైందని అడిగితే "ఎనభై రూపాయలైంది" అంటాడు కదా, అక్కడా లెక్క మొత్తానికి ఏకవచనమే. మీవాడు రాసింది ఒప్పు.

ఇక్కడితో ఆపేస్తే మీ ఉత్తరానికి జవాబు అయిపోతుంది గానీ, గంట అనే మాట దొరికాక అంత తొందరగా వదిలిపెట్టేవాణ్ణి కాను నేను.

గంట అంటే మొదట మోగేది. సంస్కృతంలో ఘంట. గుళ్లో మోగే జేగంట జయఘంట నుంచి వచ్చిందే. మరి మోగేదానికి కాలంతో ఏం పని? మనవాళ్ల పాత లెక్క గడియల్లో ఉండేది. రోజుకి అరవై గడియలు, గడియకి ఇప్పటి లెక్కలో 24 నిమిషాలు. ఆ గడియ ఘటిక, అంటే చిన్న కుండ. అడుగున సన్న బెజ్జం ఉన్న రాగి గిన్నెని నీళ్లతొట్టిలో వదిలితే నీరెక్కి మునుగుతుంది. ఒకసారి మునిగితే ఒక గడియ, రాత్రీ పగలూ కలిపి అరవైసార్లు మునగాలి అని పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలోనే ఉంది. తెలుగులో ఆ గిన్నెకి గడియకుడుక అని చక్కటి పేరు. గిన్నె మునిగినప్పుడల్లా పక్కన వేలాడదీసిన కంచుపళ్లెం మీద కొట్టేవారు. ఇదంతా చూసి బాబరు తన ఆత్మకథలో వివరంగా రాసుకున్నాడు. రాత్రి మెలకువ వచ్చినవాడికి మూడు దెబ్బలు వినిపిస్తే అది ఏ జాములో మూడో గడియో తెలియడం లేదని, గడియలు కొట్టాక కాస్త ఆగి జాము సంఖ్య కూడా కొట్టమని ఆయన హుకుం ఇచ్చాడు. అంత రాజ్యం చూసుకుంటూ ఈ సంగతి పట్టించుకున్నాడంటే నాకు ఆయన మీద కొంచెం గౌరవమే.

గమనించండి, అప్పుడూ మోతే, అయినా మాట మాత్రం కుండదే. మునిగే గిన్నె అందరి కళ్లకీ తెలిసిన వస్తువు. తర్వాత మరగడియారం వచ్చింది. అందులో తిరిగేవి పళ్లచక్రాలు, అవెక్కడో పైన, స్తంభం కడుపులో. చార్మినారుకి 1889లో గడియారాలు పెట్టారు, 1892లో మహబూబ్ చౌక్ గడియార స్తంభం లేచింది, మీకు దగ్గర్లోని సికిందరాబాదు క్లాక్ టవర్ 1897లో తెరిచారు. కింద బజార్లో ఉన్న మనిషికి ఆ యంత్రంతో నిమిత్తం లేదు, చెవిన పడిందే లెక్క. "ఎన్ని కొట్టింది?" అంటే "పది కొట్టింది". ఒక్కో మోత ఒక్కో గంట, ఆ గంటే కాలానికి కొలతైపోయింది. ఇంగ్లీషువాడి క్లాకు కూడా గంటే, మధ్యయుగాల లాటిన్‌లో క్లోక్కా అంటే మోగే గంటే.

విచిత్రమేమిటంటే, రోజులో ఇరవై నాలుగో వంతుకి మన జ్యోతిష్కుల దగ్గర అప్పటికే 'హోర' అని మాట సిద్ధంగా ఉంది. రెండున్నర గడియలు ఒక హోర. అది గ్రీకుల నుంచి వచ్చింది. అహోరాత్రలో తొలి అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోర అని కొందరంటారని వరాహమిహిరుడు చెబుతాడు, ఆ లెక్కేమో నాకెప్పుడూ గడుసుతనంగానే తోస్తుంది. పండితుల మాట పండితుల దగ్గరే ఉండిపోయింది, జనం మాత్రం చెవిన పడినదానికే పేరు పెట్టుకున్నారు. గడియకీ గంటకీ అసలు తేడా ఇంకొకటుంది. గడియల లెక్క సూర్యోదయం నుంచి మొదలు, ఏ ఊరి పొద్దు ఆ ఊరిది. గంటల లెక్క అర్ధరాత్రి నుంచి, పైగా దేశమంతా ఒక్కటే. హైదరాబాదులో పొద్దు నడినెత్తికొచ్చేది గడియారం పన్నెండు కొట్టాక సగటున పదహారు నిమిషాలకి. మధ్యాహ్నం అన్న మాట కూడా పొద్దుని వదిలేసి గడియారం వెంటబడింది.

గడియారం అన్న మాటని ఘటికాగారం నుంచి తెస్తారు కొందరు. కన్నడ గడియార, తమిళ కడికారం, కంచుపళ్లేన్ని ఘడియాల్ అనే హిందీ, అన్నీ పక్కపక్కన పెట్టి చూడందే నేను ఒప్పుకోను. తలుపు గడియ, దొరల గడి వీటికి చుట్టాలు కావు. మన కుర్రాళ్లు "ఘంటా!" అంటారే, దాని జోలికి నేను రాను.

ఇక ఒంటిగంట. ఒంటికాలు, ఒంటిస్తంభంలో ఉన్న ఒంటే ఇది. ఒక గంట అంటే అరవై నిమిషాల సేపు, ఒంటిగంట అంటే ఒకే ఒక్క మోత వినిపించే వేళ. రెండింటికి, మూడింటికి అని గంట మాట ఎగరగొట్టేశాం గానీ దీన్ని మాత్రం వదల్లేకపోయాం. "ఒకటికి వెళ్తా" అంటే బళ్లో ఏమర్థమో మీకు తెలుసు కదా! అరగంటకి కూడా ఒక్కసారి కొట్టే గోడగడియారాలు గుర్తున్నాయా? పన్నెండున్నరకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, ఒకటిన్నరకి ఒకటి. చీకట్లో పడుకుని వింటే ఏది ఏదో తెలిసి చావదు, మళ్లీ బాబరు కష్టమే.

ఇప్పుడు ఫోను కొట్టదు, ముళ్లు లేవు. ముళ్లు చూసి నేర్చిన ఐదుంబావు, పావు తక్కువ ఆరు కూడా దాంతోపాటే పోతున్నాయి. తెర మీద 5:45 కనపడితే పిల్లాడు "ఫైవ్ ఫార్టీఫైవ్" అంటాడు, వాణ్ణి ఏమనను? నా కోపమంతా టీవీ వార్తల మీద. "రాత్రి ఒంటిగంట ముప్పై నిమిషాల సమయం ప్రాంతంలో" అట! ఒకటిన్నరకి అంటే నోరు నొప్పి పుడుతుందా? నిమిషాలతో సహా చెప్పాక మళ్లీ ప్రాంతం ఎందుకు, సమయం ఎందుకు?

టీచరుగారిని మరీ ఆడిపోసుకోకండి. "కరెంటు పోయి ఐదు గంటలయ్యాయి" అని ఒక్కొక్క గంటా లెక్కబెట్టుకుని విసుక్కునేటప్పుడు బహువచనం బాగానే అతుకుతుంది, అక్కడ నేనూ కొట్టేయను. గడియారం చూసి వేళ చెప్పేటప్పుడు మాత్రం "ఐదు గంటలైంది" అనడమే నా చెవికి తెలుగు. ఎన్ని గంటలైంది అని అడిగే జనమే ఎక్కువ కాబట్టి మార్కు అడగొచ్చు, పోట్లాడక్కర్లేదు.

నిమిషం మూలానికి దగ్గర, నిముషం మన నోటికి దగ్గర. రెండూ రాయొచ్చు.