థర్కిల్ పేరు 1066 వరసలో కనపడకపోతే

ఆర్డెన్ థర్కిల్ అనే ఇంగ్లీషు భూస్వామి, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కూడా భూములు నిలబెట్టుకున్నాడంటారు కదా, మరి డూమ్స్‌డే బుక్‌లో (1086లో ఇంగ్లండ్ భూములు ఎవరివో రాయించిన పుస్తకం) 1066 నాటి పాత హక్కుదారుడిగా లేడేం అన్నారు. మీరు కొడుకు కోసం వెతుకుతున్నారు, 1066 నాటి వరసలో ఉన్నది తండ్రి, లేదా వేరేవాళ్లు. థర్కిల్ తండ్రి ఆల్విన్ వార్విక్‌షైర్ షెరీఫ్ (రాజు తరఫు జిల్లా అధికారి).

1. వార్విక్‌షైర్ భాగంలో ‘వార్విక్ తుర్కిల్’ శీర్షిక తెరవండి, అందులో థర్కిల్ పేరు అలాగే ఉంటుంది. ఆర్డెన్ అని వెతికితే లాభం లేదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి ఊరికీ ఇద్దరి పేర్లుంటాయి. ఎడ్వర్డ్ రాజు కాలంలో (అంటే 1066 నాటికి) ఎవరిది, 1086లో ఎవరిది అన్నవి విడిగా రాసుకోండి. పాత పేరు ఆల్విన్ అయితే వారసత్వం కావచ్చు. వేరే ఇంగ్లీషువాడి పేరుంటే, ఆ భూమి థర్కిల్‌కి తర్వాత దక్కింది. ఇలాంటివే ఎక్కువ. అంటే మనవాడు నిలబెట్టుకోవడమే కాదు, బాగానే పెంచుకున్నాడు!

3. కనిపించిన ప్రతి ఆల్విన్‌నీ తండ్రి లెక్కలో వెయ్యకండి, అప్పట్లో అది మామూలు పేరు. ‘షెరీఫ్’ అనో ‘తుర్కిల్ తండ్రి’ అనో ఉన్నచోటే నమ్మండి.

4. 1088 తర్వాతి పత్రాల్లో పై యజమానిగా వార్విక్ ఎర్ల్ (పెద్ద ప్రభువు) ఉంటాడు. విలియం రూఫస్ రాజు కాలంలో థర్కిల్ భూముల్లో చాలావరకు ఆ ఎర్ల్ హెన్రీ ద బోమోంట్ కిందికి వెళ్లాయి. ఆర్డెన్ కుటుంబాన్ని అతని కింది కౌలుదార్లలో చూడండి.