ఎముకలకు తొందరపడి పేరు పెట్టకు

హైదరాబాద్

చి. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

యుద్ధ నేరాల దర్యాప్తులో శవపరీక్షలు చేయడానికి విదేశం వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. ఆమెకు ధైర్యం చెప్పాను గానీ ఆ రాత్రి నాకూ కంటి మీద కునుకు లేదు. మన ఇంటి పిల్లను అంత పనికి పిలిచారని గర్వంగానూ ఉంది.

టీకాలు వేయించుకో. మందుపాతరలు తీసేశామని కాగితం మీద రాసిచ్చేదాకా శవాలు పాతిన గోతిలో దిగకు. అనుమానాస్పద మరణాల దర్యాప్తుకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శకాలు, అదే 2016లో సవరించిన మిన్నెసోటా ప్రొటోకాల్, మళ్ళీ చదువు.

చేతులకు తాడు ఉంటే ముడి విప్పకు. ఫొటో తీశాక ముడికి దూరంగా కత్తిరించి, తెగిన కొసలను దారంతో కలిపి కట్టు. బోస్నియా యుద్ధంలో స్రెబ్రెనిత్సా ఊరిలో ఊచకోతకు గురైనవాళ్ళు పోరాటంలో పోయారన్న వాదనను హేగ్‌లోని యుద్ధ నేరాల కోర్టులో అలాంటి కట్లూ కళ్ళగంతలే కొట్టేశాయి. తూటా గాయం యుద్ధంలోనూ తగలవచ్చు. చేతులు వెనక్కి కట్టి ఉన్నవాడు తుపాకీ ఎలా పడతాడు?

ఇక నా అసలు భయం. బట్టలు చూసి మనిషిని గుర్తించకు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, బస్సు ప్రమాదం తర్వాత ఒక మార్చురీలో ఒక తల్లి చొక్కా చూసి ‘మా వాడే’ అంది. తెల్ల గుండీని తనే నల్లదారంతో కుట్టానని వేలు పెట్టి చూపించింది. అక్కడి పెద్ద డాక్టరు పళ్ళయినా చూడకుండా సంతకం పెట్టారు. చొక్కా ఆమె కొడుకుదే. ప్రయాణంలో స్నేహితుడు అడిగితే ఇచ్చాడట. కొడుకు పక్క బల్ల మీదే ఉన్నాడు, ముఖం నుజ్జయి. స్నేహితుడి తల్లి ఊరి నుంచి వచ్చేసరికి దహనం అయిపోయింది, అస్థికలు కృష్ణలో కలిపేశారు. ఆమెకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. మొదటి తల్లి మళ్ళీ కర్మ చేయించింది.

స్రెబ్రెనిత్సాలో ఇంకా ఘోరం. 1995 జులైలో పాతిపెట్టినవాళ్ళను సెప్టెంబర్, అక్టోబర్‌లలో యంత్రాలతో తవ్వి వేరే గోతులకు తరలించారు. ఒకే మనిషి ఎముకలు వేర్వేరు చోట్ల దొరికాయి. 2001 నుంచి ఎముకల డీఎన్‌ఏను బంధువుల రక్తంతో పోల్చడం వల్లే వేలమంది పేర్లు తేలాయి. ఇక్కడ సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల కేంద్రంలో నువ్వు నేర్చుకున్నది అక్కడ అక్కరకొస్తుంది.

తల్లులు నీ చేయి పట్టుకుని అడుగుతారు. నీ మనసు ఇట్టే కరుగుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఫలితం వచ్చేదాకా ఎవరికీ మాట ఇవ్వకు. మొండిదానివి, ఎవరి మాటా వినవు. ఈ ఒక్కటీ విను తల్లీ.

వేళకు తిను. అమ్మకు నేను నచ్చజెబుతాను. ఆదివారం ఇంటికి వచ్చి, ముడి చెడకుండా కత్తిరించడం నా ముందు చేసి చూపించు. తాడూ దారమూ తెప్పించి ఉంచుతాను.

మామయ్య